పి0603 చెరిపినా మళ్లీ వస్తోంది: ఈసీయూ మార్చేయమంటున్నారు, అంతకుముందు ఏమేం చూడాలి?

నరసన్నపేట_డీజిల్

అందరికీ నమస్కారం. బండి 2015 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు, 92,000 కిలోమీటర్లు తిరిగింది. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది. స్కానర్‌లో లోపం కోడ్ పి0603, ఒక్కోసారి దాని పక్కన పి0562. చెరిపితే పోతుంది. రాత్రంతా బండి ఆపి పొద్దున్న తాళం తిప్పితే మళ్లీ ఉంటుంది. మీటరు బోర్డులోని గడియారం కూడా కొన్ని రోజులు 12:00 దగ్గర మొదలవుతోంది. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, పికప్ తగ్గలేదు. స్టార్ట్ చేశాక మొదటి నిమిషం ఐడిల్ ఎగుడుదిగుడుగా ఉంటుంది.

ఇక్కడ చూపిస్తే "మెమరీ పోయింది, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు) మార్చాల్సిందే" అన్నారు. అంత డబ్బు పెట్టేముందు ఇంట్లో చూసుకోగలిగినవి చెప్పండి. మల్టీమీటరు, బ్లూటూత్ స్కానర్, మామూలు స్పానర్లు ఉన్నాయి.

ఆమదాలవలస_స్కాన్

ముందు కోడ్ ఏం చెబుతోందో చూద్దాం. పి0601 నుంచి పి0607 వరకు ఉన్నవన్నీ కంట్రోల్ యూనిట్ తన గురించి తానే ఇచ్చే ఫిర్యాదులు. కానీ అన్నిటికీ మందు ఒకటి కాదు. 0601 అంటే ఫ్లాష్ (ఈసీయూ సాఫ్ట్‌వేర్ ఉండే మెమరీ)లోని సాఫ్ట్‌వేర్ చెక్‌సమ్, అంటే సరిచూసుకునే మొత్తం, కలవలేదని. 0602 అంటే ప్రోగ్రామింగ్ సరిగ్గా పూర్తికాలేదని. 0604 ర్యామ్ పరీక్ష ఫెయిల్, 0605 రోమ్ మెమరీ, 0606 ప్రాసెసర్. మీది 0603. అది "కీప్ అలైవ్ మెమరీ", అంటే తాళం తీసేశాక కూడా బ్యాటరీ నుంచి నిత్యం వచ్చే సన్నటి కరెంటుతో నిలబడే మెమరీ. ఇంజిన్ నేర్చుకున్న ఐడిల్, ఇంధనం సర్దుబాట్లు అందులో ఉంటాయి. ఆ కరెంటు ఒక్క క్షణం తెగినా అవి పోతాయి, తాళం తిప్పగానే ఈసీయూ "నేను దాచింది కనబడటం లేదు" అని ఈ కోడ్ రాస్తుంది.

కాబట్టి 0603 చూసి ఈసీయూ పోయిందనడం తొందరపాటు. మీ పోస్టులోనే రెండు ఆధారాలున్నాయి. పి0562 అంటే సిస్టమ్ వోల్టేజ్ తక్కువ. గడియారం 12:00కి పోవడమంటే నిత్య కరెంటు నిజంగానే తెగుతోంది. గడియారం ఈసీయూ లోపల లేదు కదా.

ఒక మాట. ఎవరైనా బ్యాటరీ మార్చినప్పుడో, తీసి పెట్టినప్పుడో 0603 ఒక్కసారి వచ్చి, చెరిపాక మళ్లీ రాకపోతే అసలు లోపమే లేదు. దాన్ని వదిలేయాలి.

ఇంకేమీ ముట్టుకోకముందు కోడ్‌లన్నీ, పెండింగ్‌లో ఉన్నవీ, ఫ్రీజ్ ఫ్రేమ్ డేటా (కోడ్ వచ్చిన క్షణంలోని ఇంజిన్ రీడింగులు) స్క్రీన్‌షాట్ తీసుకోండి. చెరిపేస్తే ఆ సాక్ష్యం పోతుంది. తర్వాత గమనించాల్సింది ఒకటే: కోడ్ ఎప్పుడు తిరిగి వస్తోంది? చెరిపిన వెంటనే, స్టార్ట్ కూడా చేయకుండా తాళం ఆన్ చేస్తేనే వస్తే లోపలి లోపం మీద అనుమానం పెంచుకోవచ్చు. సెల్ఫ్ కొట్టాక వస్తే బ్యాటరీ, ఎర్త్ పడిపోతున్నాయి. రాత్రి ఆగి ఉన్నాక వస్తే నిత్య కరెంటు లైను. మీది మూడోది.

బొబ్బిలి_బెంచ్

పైన చెప్పినదానికి చిన్న చేర్పు. కొత్త తరం ఈసీయూల్లో చాలావాటికి నేర్చుకున్న విలువలు ఈఈప్రామ్‌లోనో, ప్రాసెసర్‌లోనే ఉండే డేటా ఫ్లాష్‌లోనో రాసుకునే అలవాటు ఉంది. అవి కరెంటు లేకపోయినా నిలుస్తాయి. కానీ రాసేది ఎప్పుడంటే, తాళం ఆఫ్ చేశాక. ఈసీయూ మెయిన్ రిలేని కొన్ని సెకన్లు తానే పట్టి ఉంచి, రాయడం పూర్తయ్యాక వదులుతుంది. తాళం తీశాక బానెట్ దగ్గర నిలబడితే "టిక్" అని వినిపించేది అదే. ఆ కొద్ది సెకన్లలో కరెంటు తెగితే సగం రాసిన డేటా మిగులుతుంది, పొద్దున్న కోడ్ వస్తుంది.

అందుకే రెండు ప్రశ్నలు. బండికి దొంగల భయంతో బ్యాటరీ కట్‌ఆఫ్ స్విచ్ ఏమైనా పెట్టించారా? తాళం తీసిన వెంటనే అది నొక్కేస్తుంటే ఈసీయూ పాపం ఏమీ లేదు. రెండోది, ఆ "టిక్" మీ బండిలో వస్తోందా, లేక తాళంతోపాటే రిలే పడిపోతోందా?

నరసన్నపేట_డీజిల్

కట్‌ఆఫ్ స్విచ్ లేదు. రిలే శబ్దం తాళం తీసిన కొన్ని సెకన్లకు వినబడుతోంది. జీపీఎస్ ట్రాకర్ ఉంది, బయట షాపులో పెట్టించిన మ్యూజిక్ సిస్టమ్ ఉంది.

చీపురుపల్లి_వైరింగ్

ట్రాకర్ అన్నారు, ఆ మాట గుర్తుంచుకుందాం. కానీ నేరుగా దాని మీదకి వెళ్లిపోవద్దు మాస్టారు, వరసలో వద్దాం. వరస తప్పితే రెండు లోపాలున్నచోట ఒకటి దొరికి రెండోది దాక్కుంటాది.

మొదట బ్యాటరీ. రాత్రి ఆపిన బండిని పొద్దున్న డోర్ తియ్యకముందే, బానెట్ మాత్రం ఎత్తి, మీటరు 20 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి కొలవండి. మొనలు సీసం స్తంభాల మీదే పెట్టాలి, క్లాంపు మీద కాదు. 12.6 ఉంటే నిండుగా ఉంది, 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12కి దిగితే ఖాళీ కిందే లెక్క. తర్వాత ఒకరిని సెల్ఫ్ కొట్టమని మీటరు చూడండి. 10 వోల్టుల పైన నిలబడాలి, 9.6 కిందకి పడితే బ్యాటరీ చార్జి చేసి మళ్లీ చూడాలి, అప్పటికీ పడితే బ్యాటరీదే లోపం. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి.

ఇప్పుడు అదే కొలత ఒక మొన స్తంభం మీద, ఇంకో మొన దాని క్లాంపు మీద పెట్టి సెల్ఫ్ కొడుతూ తీయండి. అక్కడ 0.1 వోల్టు దాటి చూపిస్తే ఆ రెండింటి మధ్య కిలుం ఉన్నట్టే, పైకి ఎంత మెరుస్తున్నా సరే. తర్వాత నెగటివ్ స్తంభం నుంచి ఇంజిన్ బ్లాకుకి, నెగటివ్ స్తంభం నుంచి బాడీకి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఇంజిన్ ఎర్త్‌లో 0.2 వోల్టుల లోపు ఉండాలి. అర వోల్టు చూపిస్తే ఎర్త్ కేబుల్ లగ్గు (కేబుల్ కొసన బోల్టుకి బిగించే రింగు) విప్పాల్సిందే.

డైనమో డయోడ్ కూడా చూడండి, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం దగ్గర పట్టి, హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి, మీటరు ఏసీ వోల్టుల్లో పెట్టి బ్యాటరీ మీద కొలవండి. 0.1 లోపు ఉంటే మంచిది, 0.5 దాటితే డయోడ్ పోయింది. చవక మీటర్లు ఏసీ రేంజిలో డీసీని కూడా కలిపి పెద్ద అంకె చూపిస్తాయి. మొనలు తిరగేసి పెట్టండి. ఒకవైపు పెద్ద అంకె, రెండోవైపు సున్నా వస్తే ఆ మీటరు ఈ పనికి రాదు.

కళింగపట్నం_తీరం

ఎర్త్ గురించి నేనూ చెప్పాలి. సముద్రం వైపు, అంటే గార, కళింగపట్నం, భావనపాడు, సోంపేట పక్క తిరిగే బండ్లలో ఉప్పుగాలి పని మొదట ఎర్త్ బోల్టుల దగ్గరే కనబడుతుంది. లగ్గు రాగిది, మీద తగరం పూత, బోల్టు ఇనుము, కింద బాడీ రేకు. మూడు లోహాలు, మధ్యలో ఉప్పుతేమ. పైన కనబడేది కొంచెం తెల్లపొడి, విప్పితే కింద రేకు ఎర్రగా తిని ఉంటుంది.

విప్పేటప్పుడు తాళం తీసి రెండు మూడు నిమిషాలు ఆగి, బ్యాటరీ నెగటివ్ ముందు తీయాలి, పాజిటివ్ తర్వాత. బిగించేటప్పుడు నెగటివ్ ఆఖరున. టెర్మినల్ మీద పచ్చ, తెల్ల కిలుం ఉంటే గ్లాసు వేడినీళ్లలో ఒక పెద్ద చెంచా వంట సోడా కలిపి పాత బ్రష్‌తో రుద్దండి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి సెల్‌లోకి పోకూడదు, యాసిడ్ చెడుతుంది. తుడిచి, పూర్తిగా ఆరాక బిగించి, ఆ తర్వాత పైన వాజిలీన్ రాయాలి. బిగించకముందు రాస్తే లోహానికీ లోహానికీ మధ్య జిడ్డు పొర చేరుతుంది. బాడీ ఎర్త్ దగ్గర లగ్గు కూర్చునేంత మేర పెయింటు గీకి, ఎమరీతో మెరిసేలా చేసి, బిగించాక పైన ప్రైమరో, గ్రీజో పూయాలి. లగ్గులో తీగ నల్లబడి ఉంటే కోసి కొత్త లగ్గు క్రింప్ చేయండి. నల్లబడిన రాగి మీద సోల్డర్ పట్టదు.

నరసన్నపేట_డీజిల్

కొలతలు ఇవి. పొద్దున్న 12.5. సెల్ఫ్ కొడుతుంటే 10.4. నడుస్తుంటే 14.2. ఏసీలో 0.04. పాజిటివ్ స్తంభం, క్లాంపు మధ్య 0.03. నెగటివ్ నుంచి ఇంజిన్‌కి 0.12. కానీ నెగటివ్ నుంచి బాడీకి 0.6 వస్తోంది.

చీపురుపల్లి_వైరింగ్

బ్యాటరీ, డైనమో బాగున్నాయి, వాటి మీద రూపాయి ఖర్చు పెట్టొద్దు. బాడీ ఎర్త్ చెడింది. ఈసీయూ ఎర్త్ బాడీకి బిగించి ఉంటే, సెల్ఫ్ కొట్టినప్పుడు ఈసీయూ దృష్టిలో నేలే 0.6 వోల్టు పైకి లేస్తుంది, 10.4 కాస్తా దానికి 9.8 అవుతుంది. మీ పి0562కి ఇది సరిపోయే కారణం. తీరం గారు చెప్పినట్టు చేయండి. కేబుల్ మార్చాల్సి వస్తే 16 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకుండా రాగి తీగే వేయండి, బజారులో రాగి పూతేసిన అల్యూమినియం కూడా అమ్ముతున్నారు. కొద్దిగా కోసి చూడండి, లోపల తెల్లగా ఉంటే వద్దు.

అయితే ఇది గడియారానికి సమాధానం కాదు. రాత్రి ఆగి ఉన్న బండిలో ఎర్త్ మీద పెద్ద కరెంటు ఉండదు. రెండో లోపం నిత్య కరెంటు లైన్లో ఉంది.

రాజాం_పెట్రోల్

గురువుగారూ, బ్యాటరీ రెండు కేబుళ్లు తీసి ఒకదానికొకటి అరగంట తాకించి ఉంచితే ఈసీయూ మొత్తం రీసెట్ అయి ఈ కోడ్ పోతుందని వీడియోల్లో చెబుతున్నారు కదా. అది చేసి చూస్తే?

ఆమదాలవలస_స్కాన్

వద్దు తమ్ముడూ. అలా చేస్తే కెపాసిటర్లలో మిగిలిన చార్జి పోతుంది, మెమరీ ఖాళీ అవుతుంది. కానీ 0603 వస్తున్నదే మెమరీ ఖాళీ అవుతున్నందుకు. జబ్బునే మందుగా ఇచ్చినట్టవుతుంది. పైగా కోడ్‌లు, ఫ్రీజ్ ఫ్రేమ్ పోతాయి, కొన్ని బండ్లలో మ్యూజిక్ సిస్టమ్ లాకవుతుంది, పవర్ విండోలకు, స్టీరింగ్ యాంగిల్‌కు మళ్లీ నేర్పించాలి. ఎవరైనా రెండు కేబుళ్లూ బ్యాటరీ నుంచి తీయకుండానే ఒకదానికొకటి తాకిస్తే నేరుగా షార్ట్.

చీపురుపల్లి_వైరింగ్

ఇక అసలు పని. మీ మోడల్ వైరింగ్ డయాగ్రమ్ కావాల. అది లేకుండా ఈసీయూ పిన్నుల్లో మొన గుచ్చొద్దు. డయాగ్రమ్‌లో మూడు చూసుకోండి: నిత్య బ్యాటరీ కరెంటు వచ్చే పిన్ను, మెయిన్ రిలే నుంచి వచ్చే పిన్నులు, ఎర్త్ పిన్నులు. ఎర్త్‌లు రెండు మూడు ఉంటాయి, ఒకటి చూసి సరిపెట్టొద్దు.

ఫ్యూజ్‌తో మొదలెట్టండి. చాలా బండ్లలో ఈసీయూ నిత్య కరెంటుకి వేరే ఫ్యూజ్ ఉండదు, రూమ్ లైటు, గడియారం, మ్యూజిక్ సిస్టమ్ ఉన్న ఫ్యూజ్ మీదే వస్తుంది. రూమ్ లైటు వెలుగుతోందా? వెలుగుతుంటే ఫ్యూజ్ దాకా కరెంటు ఉంది, కోత ఆ తర్వాత ఉంది. ఫ్యూజ్ తీసి కాళ్లు చూడండి. ఒక కాలు గోధుమ రంగుకి తిరిగి ఉంటే హోల్డర్ వదులై వేడెక్కుతోంది. మార్చినా అదే ఆంపియర్ది వేయాలి.

తర్వాత బల్బు పరీక్ష. బ్రేక్ లైటుకి వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బు, హోల్డరు, రెండు మీటర్ల తీగ చాలు. అది దగ్గర దగ్గర 1.75 ఆంప్స్ లాగుతుంది. తాళం తీసి, కాసేపు ఆగి, బ్యాటరీ నెగటివ్ విప్పి, ఈసీయూ కప్లర్ (తీగలు గుచ్చుకునే ప్లగ్గు) ఊడదీయండి. మళ్లీ నెగటివ్ బిగించి, హార్నెస్ (తీగల కట్ట) వైపు కప్లర్లోని నిత్య కరెంటు పిన్నుకీ, బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య బల్బు పెట్టండి. బల్బు వెలుగుతుండగానే అక్కడ వోల్టేజ్ కొలవండి. బ్యాటరీ దగ్గర ఉన్నదానికి అర వోల్టుకి మించి తగ్గకూడదు. ఎర్త్ పిన్నుల పరీక్ష దీనికి తిరగేసి: బల్బు ఒక కొస బ్యాటరీ పాజిటివ్‌కి, రెండో కొస ఎర్త్ పిన్నుకి పెట్టి, ఆ పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కొలవండి. 0.1 దగ్గర ఉండాలి.

జాగ్రత్తలు గట్టిగా చెబుతున్నాను. ఈ బల్బు కరెంటు పిన్నుకీ, ఎర్త్ పిన్నుకీ మాత్రమే. సెన్సార్ల 5 వోల్టుల లైన్లకి, ఇంజెక్టర్ లైన్లకి, క్యాన్ వైర్లకి (యూనిట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగలు) పెట్టొద్దు. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి అసలు పోవద్దు. లావు మొన దూర్చితే కప్లర్లోని ఆడ పిన్ను నోరు తెరుచుకుపోయి కొత్త లూజ్ కాంటాక్ట్ పుడుతుంది. సన్నని గుండుసూదంత పిన్ను వాడండి.

నరసన్నపేట_డీజిల్

ఒక అనుమానం. ఉత్త మీటరు పెడితే 12.5 చూపిస్తే చాలదా? బల్బు ఎందుకు?

చీపురుపల్లి_వైరింగ్

చాలదు. డిజిటల్ మీటరు లోపలి నిరోధం 10 మెగా ఓమ్‌లు ఉంటుంది. అంటే 12 వోల్టుల దగ్గర అది లాగేది మైక్రో ఆంప్ చిల్లర. తీగలో ముప్పై పోగులుంటే ఇరవై తొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా మీటరుకి అది చాలు, 12.5 చూపిస్తుంది. తూము దగ్గర తడి ఉందని పొలానికి నీళ్లు పారుతున్నాయని చెప్పలేం కదా. బల్బు పెడితే పారుదల తెలుస్తుంది.

నరసన్నపేట_డీజిల్

బాడీ ఎర్త్ విప్పాను, లగ్గు కింద రేకు తుప్పు. గీకి, కొత్త లగ్గు వేశాక 0.6 కాస్తా 0.08 అయింది. రూమ్ లైటు వెలుగుతోంది. ఫ్యూజ్ కాళ్లు శుభ్రంగా ఉన్నాయి.

బల్బు పరీక్ష: ఎర్త్ పిన్నులన్నీ బాగున్నాయి. నిత్య కరెంటు పిన్నులో బల్బు లేకుండా 12.5. బల్బు పెడితే మినుకుమంటోంది, వోల్టేజ్ 8.1! ఫ్యూజ్ బాక్సు దగ్గర అదే సమయంలో 12.4 ఉంది.

చీపురుపల్లి_వైరింగ్

దొరికింది. ఫ్యూజ్ బాక్సుకీ ఈసీయూకీ మధ్యే ఎక్కడో నాలుగు వోల్టులు మింగేస్తోంది. ఇక ట్రాకర్ సంగతి. అది పెట్టిన తీగ ఎక్కడి నుంచి తీశారో డ్యాష్‌బోర్డు కింద వెతకండి. సాధారణంగా డ్రైవరు పక్క కాళ్ల దగ్గర ప్యానెల్ వెనక, ఫ్యూజ్ బాక్సు దిగే హార్నెస్‌లో ఉంటాది. నీలం రంగు ప్లాస్టిక్ క్లిప్పు కనబడితే, లేదా తీగ మీద టేపు చుట్టిన ముడి కనబడితే, బల్బు వెలుగుతుండగానే దానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలవండి. ముందు 12 ఉండి, తర్వాత 8 ఉంటే ఇంకో మాట అక్కర్లేదు.

ఆ నీలం క్లిప్పు లోపల ఒక ఇత్తడి బ్లేడు ఉంటుంది. నొక్కగానే తీగ తొడుగుని కోసుకుని రాగిని పట్టుకుంటుంది. తీగ సైజుకి క్లిప్పు సరిపోకపోతే తొడుగుతోపాటు రాగి పోగుల్నీ కోసేస్తుంది. మిగిలిన పోగులకి మన గాలిలోని తేమ తగిలి నెమ్మదిగా పచ్చబడతాయి. పగలు పనిచేస్తుంది, రాత్రి చల్లబడ్డాక కుంచించుకుని విడిపోతుంది, లేదా గుంతలో కుదుపుకి విడిపోతుంది. ఈసీయూ మెమరీకి కావాల్సింది కొద్ది మిల్లీ ఆంప్సే కాబట్టి కలిసి ఉన్నంతసేపూ ఏ లోపం కనబడదు. విడిపోయిన క్షణం గడియారం, మెమరీ రెండూ పోతాయి.

పలాస_ట్రావెల్స్

ఇది చదువుతూ ఇంకో సంగతి అడుగుతున్నాను. హైవే మీద బండి ఆగితే లారీ బ్యాటరీ నుంచి జంప్ ఇస్తారు కదా. 24 వోల్టులు తగిలిన బండిలో 0603, 0606 రెండూ ఉంటే ఏం చూడాలి?

బొబ్బిలి_బెంచ్

లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా ఉంటాయి. రెండు కొసలకి కలిపితే 24. కారుకి ఇవ్వాలంటే ఒక్క బ్యాటరీ రెండు స్తంభాల మీదే, అదీ లారీ ఇంజిన్ ఆపి ఇవ్వాలి.

24 తగిలాక వరస ఇది. ముందు బ్యాటరీ మీది మెయిన్ ఫ్యూజ్‌లు, తర్వాత డైనమో డయోడ్‌లు, రెగ్యులేటరు. ఈసీయూ లోపల కరెంటు వచ్చే ద్వారం దగ్గర రక్షణ డయోడ్ ఒకటి ఉంటుంది, ఎక్కువ వోల్టేజ్ వస్తే తానే షార్టయి ఫ్యూజ్‌ని ఎగరగొట్టి మిగతా బోర్డుని కాపాడుతుంది. కొత్త ఫ్యూజ్ వేసిన ప్రతిసారీ పోతుంటే, ఈసీయూ కప్లర్ తీస్తే ఆగితే, ఆ డయోడ్ పోయి ఉండొచ్చు. అది బెంచ్ మీద మార్చగలిగిన రిపేరు. పెద్ద ఫ్యూజ్ వేసి చూద్దాం అనుకుంటే ఈసారి బోర్డులోని ట్రాక్ కాలుతుంది. 0606 మాత్రం కరెంటు, ఎర్త్ రెండూ బల్బు పరీక్షలో నెగ్గాక కూడా తాళం ఆన్‌తోనే వస్తుంటే లోపలిదే.

రాజాం_పెట్రోల్

నా పెట్రోల్ బండి 2019 మోడల్. పికప్ కోసం రీమ్యాప్ (ఈసీయూ సాఫ్ట్‌వేర్‌లో అంకెల మార్పు) చేయించాక పి0601 వస్తోంది. ఇదీ ఎర్తేనా?

బొబ్బిలి_బెంచ్

కాదు, ఇది వేరే దారి. ఈసీయూ తన ఫ్లాష్‌లోని సాఫ్ట్‌వేర్ బైట్లన్నిటినీ లెక్కగట్టి, అందులోనే రాసి ఉన్న మొత్తంతో పోల్చి చూసుకుంటుంది. మ్యాప్‌లో అంకెలు మార్చి, ఆ మొత్తాన్ని సరిచేయకపోతే లెక్క కలవదు, 0601 వస్తుంది. రాస్తుండగా వోల్టేజ్ పడి ఫైలు తెగినా ఇదే వస్తుంది. చేసినవారి దగ్గర మీ అసలు ఫైలు ఉండాలి. అది తిరిగి రాయించండి. కోడ్ పోతే ఈసీయూ మంచిదే. అసలు ఫైలు రాసినా వస్తుంటే ఫ్లాష్ చెడింది. రాసేటప్పుడు బ్యాటరీకి 13.5 వోల్టులు స్థిరంగా ఇచ్చే పవర్ సప్లై పెట్టాలి, మామూలు చార్జరు కాదు, దాని అలల కరెంటుతో రాత మధ్యలో చెడే ప్రమాదం ఉంది. హెడ్‌లైట్లు, బ్లోయర్, ఫ్యాను అన్నీ ఆపాలి.

నరసన్నపేట_డీజిల్

నీలం క్లిప్పు డ్రైవరు పక్క ప్యానెల్ వెనకే ఉంది. ముందు 12.3, తర్వాత 8.1. క్లిప్పు విప్పితే తీగలో నాలుగైదు పోగులు మిగిలాయి, మిగతావి పచ్చగా పొడి అయ్యాయి. ఇప్పుడు సరైన జాయింట్ ఎలా వేయాలి? ట్రాకర్ తీసేయాలా?

చీపురుపల్లి_వైరింగ్

బ్యాటరీ నెగటివ్ తీసి పని మొదలెట్టండి. పచ్చబడిన మేర రెండువైపులా కోసేయండి, తొడుగు ఒలిచినప్పుడు రాగి మెరుస్తూ కనబడేదాకా వెనక్కి వెళ్లాలి. తీగ పొట్టి అయితే అదే మందం తీగ ముక్క మధ్యలో అతకండి. ప్లాస్టిక్ తొడుగు లేని కాపర్ ట్యూబ్ క్రింప్ వేసి, సరైన క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, పైన జిగురు పూత ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి. వేడికి ఆ జిగురు కరిగి కొసల్లోంచి కొంచెం బయటికి రావాలి, అప్పుడే తేమ లోపలికి పోదు. స్లీవ్‌ని తీగకి ముందే ఎక్కించడం మరవొద్దు. ఉత్త ఇన్సులేషన్ టేపు వద్దు, ఎండాకాలం డ్యాష్‌బోర్డు వేడికి జిగురు కారిపోయి ఊడిపోతాది. రెండు జాయింట్లుంటే పక్కపక్కనే కాకుండా ముందు వెనకలుగా పెట్టండి.

ట్రాకర్ తీసేయక్కర్లేదు. దానికి ఈసీయూ లైను మాత్రం వద్దు. ఫ్యూజ్ బాక్సులో నిత్య కరెంటు ఉన్న వేరే ఫ్యూజ్ నుంచి, రెండు ఫ్యూజ్‌ల ట్యాప్ అడాప్టర్ పెట్టి 2 లేదా 3 ఆంప్స్ ఫ్యూజ్‌తో ఇవ్వండి. ఎర్త్ కూడా ఈసీయూ ఎర్త్ బోల్టుకి కాకుండా వేరే చోట. మ్యూజిక్ సిస్టమ్ తీగలు కూడా అదే హార్నెస్‌లో క్లిప్పులతో పెట్టారేమో చూడండి. ఒకచోట దొరికితే ఇంకోచోట ఉండే వీలు ఎక్కువ.

ఆమదాలవలస_స్కాన్

జాయింట్ అయ్యాక అదే బల్బు పరీక్ష మళ్లీ చేయాలి. ఆ అంకె చూడకుండా కప్లర్ పెట్టేయొద్దు. ఆ తర్వాత ఆగి ఉన్న బండిలో కరెంటు లీకేజీ కూడా కొలవండి. మీటరు 10 ఆంప్స్ సాకెట్లోకి మార్చి, బ్యాటరీ నెగటివ్ కేబుల్‌కీ స్తంభానికీ మధ్య వరసగా పెట్టాలి. డోర్లు మూసి, తాళం బండికి దూరంగా ఉంచి, యూనిట్లన్నీ నిద్రపోయేదాకా అరగంట నుంచి నలభై నిమిషాలు ఆగాలి. మధ్యలో డోర్ తీస్తే మొదటికి వస్తుంది. మీటరు పెట్టి ఉండగా సెల్ఫ్ కొట్టొద్దు, మీటరు ఫ్యూజ్ పోతుంది.

50 మిల్లీ ఆంప్స్ లోపు ఉంటే సరే. 300 ఉంటే రోజుకి 7 ఆంపియర్ అవర్స్ పైనే పోతున్నట్టు, 35 ఆంపియర్ అవర్స్ బ్యాటరీ మూడు రోజుల్లో సగానికి పైగా ఖాళీ. మన జిల్లాల్లో చాలా కార్లు యజమానులు హైదరాబాదులోనో, బయటి రాష్ట్రాల్లోనో ఉండి, సంక్రాంతికో, సిరిమానోత్సవానికో వచ్చినప్పుడే కదులుతాయి. అలా నిలిచిన బండిలో 0603, 0562 వచ్చాయంటే ముందు చూడాల్సింది ఇదే. ఎక్కువ చూపిస్తే ఒక్కో ఫ్యూజ్ తీస్తూ ఎక్కడ పడిపోతుందో చూడాలి. బ్లూటూత్ స్కానర్ ఓబీడీ సాకెట్లోనే వదిలేసే అలవాటుంటే మానుకోండి. 16వ పిన్నులో నిత్య కరెంటు ఉంటుంది, స్కానర్ రాత్రంతా లాగుతూనే ఉంటుంది.

కళింగపట్నం_తీరం

కప్లర్ తీసినప్పుడు ఈసీయూ పిన్నుల రంగు కూడా చూసుకోవాలి. పచ్చగానో, తెల్లపొడిగానో ఉంటే ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తని బ్రష్‌తో తోమి, పూర్తిగా ఆరనివ్వాలి. ఎమరీ వాడొద్దు, పిన్ను మీది పూత పోతుంది. కప్లర్ చుట్టూ ఉండే రబ్బరు సీల్ చిరిగితే నీళ్లు దారి చేసుకుంటాయి. వరద నీళ్లు ఈసీయూ డబ్బాని ముంచకపోయినా, తడిసిన హార్నెస్ తీగల లోపలి నుంచి పాకి పిన్నుల దాకా వస్తాయి. తిత్లీ తుపాను లాంటిదాని తర్వాత నీళ్లలో నిలిచిన బండిని తాళం తిప్పి చూడటం కంటే ముందు బ్యాటరీ నెగటివ్ తీయడం మేలు. కరెంటు ఉన్న తడి పిన్నులు కొద్ది గంటల్లోనే తినేస్తాయి.

కోతల కాలంలో ఎలకల సంగతీ చూడాలి. కల్లం పక్కన ఆపిన బండిలో బానెట్ కింద గడ్డి పోచలు కనబడితే హార్నెస్ మొత్తం వేలితో తడిమి చూడండి.

నరసన్నపేట_డీజిల్

మ్యూజిక్ సిస్టమ్‌కి కూడా ఒక క్లిప్పు దొరికింది, అదీ తీసేసి జాయింట్ వేశాను. బల్బుతో ఈసీయూ పిన్నులో 12.2 వస్తోంది, బ్యాటరీ దగ్గర 12.4. లీకేజీ 30 మిల్లీ ఆంప్స్. కోడ్‌లు చెరిపాను, పొద్దున్న గడియారం సరిగ్గా ఉంది, కోడ్ లేదు. ఐడిల్ మాత్రం ఇంకా కొద్దిగా ఊగుతోంది.

ఆమదాలవలస_స్కాన్

నేర్చుకున్న విలువలు పోయాయి కాబట్టి మళ్లీ నేర్చుకోవాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా ఏసీ, లైట్లు ఆపి ఐడిల్‌లో ఉంచండి, తర్వాత ఊళ్లో కొంత, హైవే మీద కొంత మామూలుగా నడపండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న పెట్రోల్ బండ్లలో యాక్సిలరేటర్ తొక్కకుండా తాళం ఆన్, ఆఫ్ చేసే నిర్దిష్ట క్రమం ఉంటుంది, అది మోడల్‌కో రకం, సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నట్టే చేయాలి. డీజిల్‌కి అంత అవసరం రాదు. నడిపాక కూడా ఊగితే ఇంజెక్టర్ల కరెక్షన్ విలువలు లైవ్ డేటాలో చూసి పెట్టండి, అది వేరే చర్చ.



పలాస_ట్రావెల్స్

బొబ్బిలి గారూ, ఒకవేళ నిజంగానే ఈసీయూ పోయిందని తేలితే పాత సామాన్ల షాపులో దొరికేది వేసుకోవచ్చా?

బొబ్బిలి_బెంచ్

హార్డ్‌వేర్ నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు రెండూ లేబుల్ మీద అక్షరం తప్పకుండా కలవాలి. కలిసినా నేరుగా వేస్తే బండి స్టార్టవదు, ఇమ్మొబిలైజర్ (వేరే తాళంతో స్టార్టవకుండా ఆపేది) డేటా మీ తాళానికి సరిపడదు. పాతదాంట్లోంచి ఫ్లాష్, ఈఈప్రామ్ రెండూ చదివి కొత్తదాంట్లోకి క్లోన్ చేయాలి. పాతది చదవడానికి కూడా వీల్లేనంతగా పోతే వర్జిన్ యూనిట్ (ఏ బండికీ జత కాని ఖాళీ ఈసీయూ) తెచ్చి తాళాలు జత చేయించాలి. డీజిల్ అయితే ఒక్కో ఇంజెక్టరు నెత్తిన చెక్కి ఉన్న కోడ్ సిలిండర్ వరసలో కొత్త ఈసీయూలో రాయాలి, లేకపోతే పొగ, ఐడిల్ ఊగడం మొదలవుతాయి. అందుకే పాత ఈసీయూని షాపులో వదిలి రావొద్దు. అది చచ్చిందని చెప్పినా అందులోని డేటా మీ బండిది, ఇంటికి తెచ్చుకోండి.

ఇంకొకటి. ఏ బెంచ్‌కి పంపినా ముందు బల్బు పరీక్ష అంకెలు కాగితం మీద రాసి పెట్టండి. నిత్య కరెంటు పిన్నుది, రిలే పిన్నులది, ప్రతి ఎర్త్ పిన్నుది. ఆ హార్నెస్ బాగు చేయకుండా కొత్త ఈసీయూ పెడితే అదే 0603 కొత్తదాంట్లోనూ వస్తుంది.

నరసన్నపేట_డీజిల్

అంకెలు రాసి సర్వీస్ బుక్కులో పెట్టాను. ట్రాకర్ ఇప్పుడు వేరే ఫ్యూజ్ మీద, 2 ఆంప్స్‌తో ఉంది. తుప్పు పట్టిన పాత ఎర్త్ లగ్గు ఫొటో, క్లిప్పు ఫొటో కింద పెడుతున్నాను, ఇదే మోడల్ వాళ్లు ఎక్కడ చూడాలో తెలుస్తుంది.